పాత జీపుల్లో బిగుసుకుపోయిన బ్రేకు పైపు నట్లను విప్పే విధానం

బరంపురం నుంచి దిగపహండి మీదుగా తప్తపాణి ఘాటీ ఎక్కి మోహనా వైపు సాగే దారిలో పాతకాలపు జీపులు ఇప్పటికీ కనిపిస్తాయి. మా మేనమామగారి జీపు కూడా చాలా ఏళ్లు ఆ దారిలోనే తిరిగింది. వేకువనే గోపాల్‌పూర్ ఒడ్డున చేపల బుట్టలు ఎక్కించుకొని సంతరోజుల్లో ఘాటీ పైకి తీసుకువెళ్లేవారు. బుట్టల్లోని మంచు కరిగి ఉప్పునీరై, నేలరేకుల సందుల్లోంచి చాసిస్ మీదికి, అక్కడినుంచి బ్రేకు పైపుల మీదికి కారేది. దానికి తోడు సముద్రపు గాలి, నాలుగు నెలల వాన, ఘాటీ బురద. ఇలాంటి బతుకు బతికిన బండిలో ఇంజను కంటే ముందు దెబ్బతినేవి పెన్సిలంత లావు కూడా లేని బ్రేకు పైపులూ, వాటి చివర ఉండే చిన్న నట్లూను. హుమ్మా ఉప్పుమళ్ల నుంచి బస్తాలు మోసే బండ్లదీ ఇదే పరిస్థితి.

ఆ నట్లను ఎలా విప్పాలో చెప్పే ముందు, ఈ పనిలో నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మే విషయం ఒకటి చెప్పాలి. స్పానర్ చేతిలోకి తీసుకోకముందే, ఈ పైపును కాపాడుకోవాలా లేక వదులుకోవాలా అన్నది తేల్చుకోవాలి. పైపు చవకైన వస్తువు, కొత్తది చేయించుకోవచ్చు. ఆ నట్టు దిగి ఉన్న మాస్టర్ సిలిండరో (పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టేది), వీల్ సిలిండరో (చక్రం దగ్గర బ్రేకును పనిచేయించేది), పైపులు చీలే ఇత్తడి దిమ్మో మాత్రం ఖరీదైనది, పాత బండికి ఒక్కోసారి దొరకదు కూడా. పైపును కాపాడదామన్న ఆశతో నట్టు అంచులు అరగదీసి, చివరికి సిలిండరు త్రెడ్డును (నట్టు దిగే మరను) కూడా పాడుచేసుకున్నవారిని నేను చాలామందిని చూశాను. నా మొదటి జీపు విషయంలో నేను చేసిందీ అదే. వెనక చక్రం సిలిండరు నట్టును నోరు తెరిచి ఉండే మామూలు డీ స్పానర్‌తో బలవంతంగా తిప్పబోతే అంచులు గుండ్రబడ్డాయి, ఆపైన గ్రిప్ ప్లయర్‌తో మెలితిప్పితే పైపు తెగి నట్టు ముక్క లోపలే ఉండిపోయింది. మర్నాడు సంతకు వెళ్లవలసిన బండి పది రోజులు షెడ్డులో నిలిచిపోయింది. అందుకే ఈ నిర్ణయాన్ని ముందు పెడుతున్నాను.

నిర్ణయించడం కష్టమేమీ కాదు. పైపును తీగ బ్రష్షుతో రుద్ది చూడండి. పైపొర రంగు మాత్రమే ఊడి, కింద నున్నటి లోహం కనిపిస్తే ఆ పైపును కాపాడుకోవచ్చు. పొలుసులు పొలుసులుగా తుప్పు రాలి, కింద గుంటలు కనిపిస్తే ఆ పైపు ఆయువు తీరినట్టే. గుంటలున్న పైపు ఇవాళ కారకపోయినా, ఘాటీ దిగేటప్పుడు పెడల్‌ను గట్టిగా తొక్కిన రోజున పగలవచ్చు. చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేకు మార్గం ఉంటుంది. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. కాబట్టి సందేహం కలిగిన పైపును వదులుకోవడమే మేలు. అలా వదులుకున్న క్షణం నుంచి పని సగం తేలికవుతుంది, కారణం కింద చెబుతాను.

నట్టు ఎందుకు బిగుసుకుంటుందో తెలిస్తే ఎక్కడ నూనె వేయాలో తెలుస్తుంది. బ్రేకు పైపు చివరను లోపలికి మడిచి పూవు విచ్చినట్టు వెడల్పు చేస్తారు, దాన్నే ఫ్లేరు అంటారు. నట్టు ఆ ఫ్లేరును సిలిండరు లోపలి పీటకు అదిమిపట్టి ఉంచుతుంది. ద్రవాన్ని ఆపేది ఆ అదుముడే, త్రెడ్డుకు ద్రవాన్ని ఆపే పని లేదు. అందువల్ల నట్టు త్రెడ్డు దాకా బ్రేకు ఫ్లూయిడ్ ఎప్పుడూ చేరదు, అది పొడిగానే ఉంటుంది. వెనకవైపు నుంచి, అంటే పైపుకూ నట్టు రంధ్రానికీ మధ్య ఉండే వెంట్రుకవాసి సందులోంచి మాత్రం వాననీరూ ఉప్పునీరూ నిదానంగా లోపలికి ఇంకుతాయి. కనుక తుప్పు రెండు చోట్ల పడుతుంది: నట్టు త్రెడ్డు మీద ఒకటి, నట్టుకూ పైపుకూ మధ్య ఇంకొకటి. చాలామంది మొదటిదాన్నే పట్టించుకుంటారు. పైపులు మెలిపడి తెగేది ఎక్కువగా రెండో తుప్పు వల్లనే. ఇత్తడి దిమ్మలో ఉక్కు నట్టు ఉన్నచోట ఉప్పుతేమ చేరితే ఇత్తడి చెక్కుచెదరదు, తుప్పు ఉక్కు నట్టునే తొందరగా తినేస్తుంది. కాబట్టి వెనక యాక్సిల్ మీద పైపులు చీలే దిమ్మ దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఇక బండిని ఎత్తే పని. దీన్ని తేలికగా తీసుకోవద్దని కోరుతున్నాను. పాత జీపుల్లో చాలావాటికి చేతిబ్రేకు చక్రాల మీద పనిచేయదు, గేరుపెట్టె వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒక్కటి నేల వదిలితే చాలు, వెనక రెండు చక్రాలనూ కలిపే డిఫరెన్షియల్ గుండా రెండో చక్రం స్వేచ్ఛగా తిరిగి, చేతిబ్రేకు లాగి ఉన్నా బండి కదులుతుంది. కనుక గట్టి చదును నేల మీద బండి నిలిపి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డుపెట్టి, యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టిన తరువాతే కిందికి దూరాలి. ఇటుకలూ రాళ్లూ పేర్చి బండిని నిలపడం మన షెడ్లలో నిత్యం చూస్తాం. ఇటుక ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా పగులుతుంది, దయచేసి ఆ పని చేయకండి. కళ్లకు అద్దాలు తప్పనిసరి, తుప్పు పొలుసులూ బ్రేకు ఫ్లూయిడూ రెండూ కళ్లలోకే రాలతాయి. డ్రమ్ము విప్పవలసి వస్తే లోపలి ధూళిని గాలితో ఊదవద్దు. పాత లైనింగుల్లో (డ్రమ్మును ఒరుసుకొని ఆపే పట్టీల్లో) ఆస్బెస్టాస్ ఉండవచ్చు, తడిగుడ్డతో తుడవడమే క్షేమం.

పైపు నట్టు దగ్గరికి వెళ్లే ముందు నాలుగు చక్రాల దగ్గర ద్రవంలోని గాలిని బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్స్‌ను ఒకసారి కదిపి చూడండి. పైపులన్నీ చక్కగా మార్చి, చివరికి గాలి తీద్దామంటే నిపుల్ రాకుండా విరిగిపోయిన సందర్భాలు అనేకం. నిపుల్ కూడా బిగుసుకుని ఉంటే ఆ వీల్ సిలిండరును కూడా మార్చవలసి రావచ్చునని ముందే తెలుస్తుంది. అప్పుడు అక్కడి పైపు నట్టును కాపాడే తీరూ మారుతుంది. నిపుల్ బోలుగా ఉంటుంది కనుక తిప్పేటప్పుడు నలిగి విరుగుతుంది. దాని రంధ్రంలో సరిగ్గా పట్టే డ్రిల్ బిట్టు మొండి కొనను దూర్చి తిప్పితే లోపల ఆధారం దొరికి నలగకుండా ఉంటుంది.

ఇప్పుడు నానబెట్టడం. తీగ బ్రష్షుతో నట్టు చుట్టూ, నట్టు వెనక పైపు మీద రెండు మూడు అంగుళాల మేర శుభ్రంగా రుద్దండి. మట్టి మీద వేసిన నూనెను మట్టే తాగుతుంది తప్ప త్రెడ్డుకు చేరదు. ఆపైన తుప్పు వదిలించే పల్చటి నూనెను రెండు చోట్ల వేయాలి: నట్టు సిలిండరులోకి దిగే అంచు దగ్గర ఒకటి, నట్టు వెనక పైపు బయటికి వచ్చే సందు దగ్గర రెండు. వీలైతే నట్టు వెనక సందు పైకి చూసేలా బండిని వాలుగా నిలిపితే నూనె తనంతట తాను దిగుతుంది. కిరసనాయిలు, డీజిల్ పనికిరావని అనను, కానీ వాటికి సందుల్లోకి పాకే గుణం తక్కువ, ఎక్కువ రోజులు పడుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చొప్పున మూడు రోజులు వేయండి. వేసిన ప్రతిసారీ చిన్న సుత్తితో నట్టు పలకల మీద చుట్టూ పది పన్నెండు దెబ్బలు తేలికగా కొట్టాలి. ఆ అదురుకు తుప్పు చిట్లి నూనెకు దారి ఇస్తుంది. పోత ఇనుము సిలిండరును మాత్రం గట్టిగా కొట్టకూడదు, అది పగిలే లోహం. వెనక డ్రమ్ము దగ్గర పనిచేసేటప్పుడు దాని వెనక రేకైన బ్యాక్‌ప్లేటు సందుల్లోకి నూనె పోకుండా గుడ్డ కుక్కండి, లైనింగుకు నూనె అంటితే ఆ లైనింగు ఇక పనికిరాదు.

ఈ నూనె విషయంలో ఒక హెచ్చరిక ఉంది. తుప్పు వదిలించే నూనెలూ ఇంజన్ ఆయిలూ గ్రీజూ ఖనిజ తైలాలు. మన బ్రేకుల్లో వాడే డాట్ 3, డాట్ 4 ద్రవాలు వేరే రకానివి, లోపలి రబ్బరు కప్పులు ఆ ద్రవాలకు తగినట్టుగానే తయారవుతాయి. ఖనిజ తైలం ఒకటి రెండు చుక్కలు లోపలికి చేరినా ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, బ్రేకు పట్టేసినట్టు ఉండిపోవడమో, కారడమో మొదలవుతుంది. కాబట్టి నట్టు వదులై, పూర్తిగా బయటికి తీయబోయే ముందు ఆ చోటంతా బ్రేకు క్లీనర్‌తోనో స్పిరిట్‌తోనో కడిగి శుభ్రంగా తుడవాలి.

స్పానర్ ఎంపికకు వద్దాం. ఈ పనికి ప్రత్యేకంగా ఫ్లేర్ నట్ స్పానర్ అని దొరుకుతుంది. అది రింగు స్పానరే, కాకపోతే పైపు దూరేందుకు ఒకవైపు చీలిక ఉంటుంది. డీ స్పానర్ నట్టును రెండు పలకల మీద మాత్రమే పట్టుకుంటుంది, ఇది అయిదు పలకలను పట్టుకుంటుంది. అంతకంటే ముఖ్యం కొలత. పాత జీపుల్లో, అంబాసిడర్లలో అంగుళాల కొలత నట్లు ఉండేవి, తరువాతి బండ్లలో మెట్రిక్ నట్లు వచ్చాయి, చేతులు మారిన బండిలో రెండూ కలగలిసి ఉంటాయి. 3/8 అంగుళం నట్టు అసలు వెడల్పు 9.525 మిల్లీమీటర్లు. దానికి 10 మిల్లీమీటర్ల స్పానర్ పెడితే దాదాపు అర మిల్లీమీటరు సందు మిగులుతుంది, ఇంత చిన్న నట్టు అంచులు గుండ్రబడడానికి అది చాలు. నట్టు పలకల మీది రంగు, తుప్పు పొలుసు ఆకురాయితో తీసివేసి, వెర్నియర్‌తో కొలిచి, అటూఇటూ ఆడకుండా పట్టే స్పానరునే వాడండి. ఆడుతోందంటే ఆ స్పానర్ కాదని అర్థం.

పైపును కాపాడుకోవాలని అనుకున్నప్పుడు నేను మొదట ఒక గుర్తు పెడతాను. తెల్ల పెయింటుతో నట్టు మీదినుంచి పైపు మీదికి ఒకే గీత గీస్తాను. నట్టు తిరిగేటప్పుడు పైపు మీది గీత కదలకుండా ఉండాలి. అది కూడా నట్టుతోపాటు జరుగుతుంటే పైపు మెలిపడుతోందన్నమాట. కంటికి తెలిసేంత మెలిక పడే దాకా ఆగితే అప్పటికే ఆలస్యమవుతుంది, గీత అయితే మొదటి వెంట్రుకవాసిలోనే చెబుతుంది.

విప్పే ముందు నట్టును కొంచెం బిగించే వైపు తిప్పి చూడండి. వినడానికి వింతగా ఉంటుంది గాని, చాలాసార్లు తుప్పు పట్టు మొదట ఆ వైపే విడుతుంది. స్పానర్ చివర చేత్తో నిలకడగా ఒత్తిడి పెట్టి, ఇంకో చేత్తో నట్టు మీద చిన్న సుత్తితో తడుతూ ఉండాలి. కుదుపు ఇవ్వడం, స్పానర్‌కు పొడవాటి పైపు తొడగడం వద్దు. పట్టు విడిచేటప్పుడు టిక్కుమని చిన్న శబ్దమో, చేతికి ఒక చిన్న జారుడో తెలుస్తుంది. సంతోషంతో అక్కడినుంచి గబగబా తిప్పేయకండి. పావు చుట్టు విప్పి, వెనక్కి అంతే బిగించి, మళ్లీ నూనె వేసి, ఈసారి మరికొంచెం విప్పి, ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ రావాలి. రాలిన తుప్పు పొడి త్రెడ్డుల మధ్య నలిగితే సగం వచ్చిన నట్టు మళ్లీ బిగుసుకుంటుంది. మా షెడ్డులో పెద్దవాడైన ఒడియా మిస్త్రీ ఒక్కో నట్టుకు అరగంట ఇచ్చేవాడు. కుర్రవాళ్లం అసహనంగా నిలబడి చూసేవాళ్లం. ఆయన చేతిలో సిలిండరు త్రెడ్డు పోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

గీత కదులుతోందంటే నట్టు పైపును పట్టుకుందని తెలిసింది కదా, అప్పుడు విప్పడం ఆపి, నట్టు వెనక సందులో నూనె వేసి, పైపు మీది గీత కదలనంత మేరకే నట్టును అటూఇటూ సన్నగా ఆడించాలి. ఒక పూట ఓపిక పడితే చాలావరకు విడుతుంది. విడవకపోతే పైపును వదులుకోండి.

రబ్బరు హోసు, ఇనుప పైపు కలిసే చోట రెండు స్పానర్లు కావాలి. హోసు కొసను ఒక స్పానర్‌తో కదలకుండా పట్టి, పైపు నట్టును రెండోదానితో తిప్పాలి. బ్రాకెట్టులో హోసును నిలిపి ఉంచే రేకు క్లిప్పును నట్టు వదులయ్యే దాకా తీయవద్దు. ఆ పట్టు మనకు సాయమే. ఇదే కారణంతో వీల్ సిలిండరును మార్చేటప్పుడు కూడా పైపు నట్టును ముందు వదులు చేసి, సిలిండరు బోల్టులు తరువాత విప్పాలి. సిలిండరు ఊగుతుంటే నట్టు మీద బలం నిలవదు. ఇక ఎలాగూ హోసును కొత్తది వేసేటట్టయితే పాత హోసు రబ్బరును కోసి, దాని కొసను పట్టి తిప్పుకోవచ్చు, పైపు కదలకుండా ఉంటుంది.

మంట పెట్టడం గురించి అడగని వారు ఉండరు. వేడి పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. చుట్టూ ఉన్న లోహం వేడికి వ్యాకోచించి త్రెడ్డు మీది పట్టు సడలుతుంది, చల్లారేటప్పుడు తుప్పు చిట్లి నూనెను లోపలికి పీల్చుకుంటుంది. కానీ నేను దీనికి ఒకే నియమం పెట్టుకున్నాను, కాపాడుకోవలసిన రబ్బరు ఉన్నచోట మంట పెట్టను. వీల్ సిలిండరులో, మాస్టర్ సిలిండరులో రబ్బరు కప్పులున్నాయి, హోసు మొత్తం రబ్బరే. ఇత్తడి దిమ్మలో రబ్బరు లేదు, కనుక అక్కడ పెట్టవచ్చు, మార్చబోయే వీల్ సిలిండరుకూ పెట్టవచ్చు. అలా పెట్టేటప్పుడు కూడా పైపులోని ద్రవాన్ని ముందు దించివేసి, రెండో కొస తెరిచి ఉంచాలి. మూసి ఉన్న పైపులో ద్రవం కాగితే పీడనం పెరిగి చిమ్ముతుంది, బ్రేకు ఫ్లూయిడ్ మండే ద్రవం. పెట్రోలు పైపులూ ట్యాంకూ ఎక్కడున్నాయో చూసుకోండి. దగ్గరలో ఇసుక బకెట్టు ఉంచుకోండి. క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనర్ చల్లిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది, డబ్బా మీది వివరం చదవకుండా ఆ సాహసం చేయకండి. ఎర్రబడేంత వేడి అక్కర్లేదు. చేయి పెట్టలేనంత వేడెక్కాక కొవ్వొత్తి మైనాన్ని నట్టు అంచుకు తాకిస్తే కరిగి సందులోకి పాకుతుంది, చాలాసార్లు అది నూనె కంటే బాగా పనిచేసింది.

ఇప్పుడు, పైపును వదులుకోవడానికి నిర్ణయించినవారికి పని సగం తేలికవుతుందని ఎందుకు అన్నానో చెబుతాను. నట్టుకు వెనక అర అంగుళం దూరంలో పైపును కోసివేయండి. పైపు అడ్డు పోయింది కనుక ఇప్పుడు నట్టు మీదికి లోతైన ఆరు మూలల సాకెట్టు నిండుగా దిగుతుంది. పన్నెండు మూలలది వద్దు, అది అంచులనే పట్టుకుంటుంది. ఆరు పలకలనూ పూర్తిగా పట్టుకున్న సాకెట్టుకు ఎదురు నిలిచే నట్లు చాలా తక్కువ. నట్టు పైపును పట్టుకుని ఉన్నా ఇప్పుడు చింత లేదు, కోసిన ముక్క కూడా దానితోపాటే తిరిగి వచ్చేస్తుంది. మూడు రోజులు నానబెట్టి, ఇలా కోసి, సాకెట్టుతో తీస్తే నా అనుభవంలో పదింట తొమ్మిది వచ్చేశాయి. పైపు పనికిరాదని తేలాక కూడా దాన్ని కోయడానికి చేయి ఆడనివారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఆ తటపటాయింపులోనే సిలిండర్లు పోతాయి.

పైపు కోసేటప్పుడు ద్రవం కారిపోకుండా ఒక ఉపాయం ఉంది. పెడల్‌ను ఒకటిన్నర అంగుళం మేర కిందికి నొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర అడ్డుపెట్టి నిలిపితే మాస్టర్ సిలిండరులో రిజర్వాయరు నుంచి వచ్చే చిన్న రంధ్రం మూసుకుపోయి ధార ఆగుతుంది. రిజర్వాయరు పూర్తిగా ఖాళీ అయితే మాస్టర్ సిలిండరులోకి గాలి చేరి తరువాత చాలా తిప్పలు పెడుతుంది. తెరిచి ఉన్న కొసలకు రబ్బరు టోపీలు తొడగండి. రంగు మీద పడిన బ్రేకు ఫ్లూయిడ్ రంగును లేపేస్తుంది, పడిన వెంటనే నీళ్లతో కడగాలి.

అంచులు అప్పటికే గుండ్రబడి ఉంటే, పైపు కోసిన తరువాత రెండు దారులున్నాయి. పలకలను ఆకురాయితో అరగదీసి ఒక సైజు చిన్న సాకెట్టును సుత్తితో కొట్టి ఎక్కించడం మొదటిది. గ్రిప్ ప్లయర్‌ను గట్టిగా బిగించి పట్టడం రెండోది. గ్రిప్ ప్లయర్ ఒక్కసారి జారితే నట్టు ఇంకా అరుగుతుంది, కనుక మొదటిసారే జారనంత గట్టిగా పట్టించాలి. నట్టు తల తెగి ముక్క లోపల ఉండిపోతే, వీల్ సిలిండరు అయితే దాన్ని మార్చివేయండి. డ్రిల్లు పెట్టి తీయడం సాధ్యమే గాని, బిట్టు ఏమాత్రం లోతుకు పోయినా ఫ్లేరు కూర్చునే పీట గీసుకుపోతుంది, ఆ గీత గుండా ద్రవం కారుతుంది. లోహపు పొడి లోపలికి చేరే ప్రమాదమూ ఉంది. మాస్టర్ సిలిండరుకు డ్రిల్లు పెట్టడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

కొత్త పైపు చేయించేటప్పుడు రెండు పొరల ఉక్కు పైపు గాని, రాగి నికెల్ మిశ్రమలోహపు పైపు గాని అడగండి. సాధారణంగా ఈ జీపుల్లో ఉండేది 3/16 అంగుళం, అంటే సుమారు 4.75 మిల్లీమీటర్ల పైపు. మన ఉప్పుగాలికి రాగి నికెల్ పైపు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఫ్రిజ్ పనివాళ్ల దగ్గర దొరికే మెత్తటి రాగి పైపు చూడడానికి అలాగే ఉన్నా బ్రేకుకు వాడకూడదు, అదురుకు బిరుసెక్కి పగులుతుంది. పాత పైపు మధ్యలో పాడైన ముక్కను కోసి కంప్రెషన్ కప్లింగుతో అతకడం కూడా తప్పు. ఫ్లేరు రెండు మడతలదిగా ఉండాలి, ఒంటి మడత ఫ్లేరు బ్రేకు పీడనానికి చీలుతుంది. ఫ్లేరు వేయకముందే పైపుకు నట్టు తొడగడం మరవకండి. లోపలి అంచున మిగిలిన రజను గీరి, పైపులో శుభ్రమైన బ్రేకు ఫ్లూయిడ్ పోసి ఊది కడగాలి.

కొత్త నట్టు తెచ్చేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది. 3/8 అంగుళం 24 త్రెడ్డుల నట్టూ, మెట్రిక్ 10 మిల్లీమీటర్లు 1 పిచ్ నట్టూ దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిదాని వ్యాసం 9.525 మిల్లీమీటర్లు, పిచ్ 1.058. ఒకటి ఇంకోదానిలోకి రెండు మూడు చుట్లు దిగినట్టే దిగి, బిగించేటప్పుడు త్రెడ్డును తినేస్తుంది, లేదా వదులుగా కూర్చుని పీడనానికి ఊడివస్తుంది. పాత నట్టును దుకాణానికి తీసుకువెళ్లి త్రెడ్ గేజితో సరిచూసుకోండి. సరైన నట్టు వేళ్లతోనే చివరిదాకా దిగాలి. త్రెడ్డుకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. ముందే చెప్పినట్టు ద్రవాన్ని ఆపేది ఫ్లేరు, టేపు ముక్కలు లోపలికి పోయి రంధ్రాలు మూసుకుపోతాయి. నట్టు వెనక భాగంలో, పైపు మీద మాత్రం ఎర్ర రబ్బరు గ్రీజు పల్చగా పూయండి. అది బ్రేకు రబ్బరుకు హాని చేయని గ్రీజు, ఈసారి వాననీరు సందులోకి దిగకుండా అడ్డుకుంటుంది. బిగింపు మాన్యువల్ చెప్పినంతే, ఈ సైజు నట్లకు సాధారణంగా 12 నుంచి 18 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కారుతున్న నట్టును ఇంకా ఇంకా బిగించి ఆపడానికి ప్రయత్నించకండి. వదులు చేసి మళ్లీ ఒకటి రెండు సార్లు బిగిస్తే ఫ్లేరు పీటలో కుదురుకుంటుంది, అప్పటికీ కారితే ఫ్లేరు మళ్లీ వేయాలి.

కొత్త ద్రవాన్ని చిన్న డబ్బాగా కొనండి. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీలుస్తుంది, మన తీరప్రాంతంలో మూత తీసి పెట్టిన డబ్బా తొందరగా చెడుతుంది. డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. తప్తపాణి నుంచి దిగేటప్పుడు డ్రమ్ములు కాగి, తేమ పట్టిన ద్రవం ఆవిరైతే పెడల్ నేలకు అంటుతుంది. పైపుల లోపలి తుప్పుకూ ఈ తేమే కారణం. బండి కోరిన రకాన్నే పోసి, రెండేళ్లకు ఒకసారి మార్చండి.

గాలి తీయడం మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలవుతుంది. మాన్యువల్ వేరే వరుస చెప్పకపోతే మన కుడివైపు స్టీరింగు బండ్లలో ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు చక్రాలుగా సాగాలి. ప్రతి చక్రం తరువాత రిజర్వాయరు నింపుతూ ఉండాలి. దించిన పాత ద్రవాన్ని తిరిగి పోయకూడదు, కాలువలోనూ పారబోయకూడదు.

అంతా అయ్యాక, ఇంజను ఆపి ఉండగానే ఒకరు పెడల్‌ను ఎంత బలం ఉంటే అంత బలంగా ఒక నిమిషం తొక్కిపట్టాలి, ఇంకొకరు లైటు పట్టుకొని ప్రతి నట్టునూ చూడాలి. పెడల్ నిదానంగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టే. తరువాత ఖాళీ మైదానంలో నడక వేగంతో, ఆపైన కొంచెం వేగంతో ఆపి చూసి, చదును రోడ్డు మీద ఒక రోజు తిప్పండి. ఘాటీకి తీసుకువెళ్లే ముందు మళ్లీ కిందికి దూరి, పొడి పాత పేపరు ముక్కతో ప్రతి నట్టు చుట్టూ తుడవండి. పేపరు మీద తడి మరక కనిపించిన నట్టును మళ్లీ విప్పి ఫ్లేరు చూడాలి, ఆ మరక లేకుండా పోయే దాకా బండిలో మనుషులను ఎక్కించకండి.